కనీస పరిమాణం

జోగినాయుడు గట్టిగా మూలిగాడు. దమయంతి సిస్టర్ తల తిప్పి కంప్యూటర్ తెర మీద అతని అంకెలున్న పెట్టె వంక చూసింది. ఆమె చూపు అక్కడ నిలిచిందో లేదో, ఆ పెట్టె మెల్లగా ఒళ్ళు చేసుకోవడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల పెట్టెలు కిక్కిరిసిన బస్సులో జనంలా ఒత్తుకుని దానికి చోటిచ్చాయి. కాసేపట్లో జోగినాయుడి బీపీ, నాడి, మిషన్లో రక్తం తిరిగే వేగం, అన్నీ గుమ్మంలోంచి చదువుకోగలిగినంత పెద్ద అంకెలైపోయాయి.

"సూసినావా వైకుంఠం మావా," అన్నాడతను నొప్పి సంగతి మర్చిపోయి. "నా పెట్టి ఎంతుందో, నీ పెట్టి ఎంతుందో! నువ్వూ ఓపాలి మూలుగు మరి. నోరు నొప్పెడతాదేటి?"

"నాకేటైందని మూలగాల? బానే ఉన్నాను గదా," అన్నాడు వైకుంఠరావు.

"ఈయనకీ ఏటీ అవనేదు," అంది దమయంతి జోగినాయుడి చేతికి కట్టిన పట్టీ సర్దుతూ. "తమరు మూలిగింది సాలు బాబూ. ఊరి కరెంటంతా మీ పెట్టికే అయిపోతంది."

గదంతా నవ్వింది. సూదులు గుచ్చిన చెయ్యి కదలకుండా నవ్వడం వాళ్ళందరికీ అలవాటే.

తెర ఎదుట ముక్కాలిపీట మీద కూర్చున్న రత్నం మాత్రం నవ్వలేదు. పెట్టె సాఫీగా పెరిగిందా, అంకెలు ఎక్కడైనా వణికాయా అని చూసుకుంటోంది. ఆ తెరకి ఆ గుణం నేర్పింది ఆమే. వైకుంఠరావు ఆమె భర్త, వరసకి మేనబావ. వారానికి మూడు రోజులు పొద్దున్నే అతన్ని ఇక్కడ కుర్చీలో కూర్చోబెట్టి, తర్వాత ప్రయోగశాలకి వెళ్ళేది. ఇప్పుడు ఆమె రాసిన ప్రోగ్రాంని ఇక్కడే పరీక్షిస్తున్నారు కనక రెండు చోట్లకీ ఒకే నడక. నడక తగ్గింది గానీ అలసట తగ్గలేదు.

ఆ డయాలసిస్ కేంద్రం శ్రీకాకుళంలో ఒక సందు చివర ఉంటుంది. ఉద్దానం వైపు నుంచి కిడ్నీలు పాడైనవాళ్ళు తెల్లవారే బస్సెక్కి వస్తారు. ఏటికేడూ కుర్చీలు పెరిగాయి, సిస్టర్లు పెరగలేదు. అన్ని మిషన్ల అంకెలనూ ఒకేచోట చూపించే ప్రోగ్రాం ఎప్పుడో జావా అనే కంప్యూటర్ భాషలో రాసింది. రాసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో ఎవరికీ తెలియదు. కొత్త కుర్చీ వచ్చినప్పుడల్లా తెర మీద పెట్టెలు ఇంకాస్త ఇరుకై, అంకెలు చీమలబారుల్లా తయారయ్యాయి. దాన్ని విప్పి బాగుచేసే ధైర్యం ఎవరికీ లేదు. విప్పాక మళ్ళీ నడవకపోతే కుర్చీల్లో మనుషులున్నారు.

రత్నం దాన్ని విప్పలేదు. పైనుంచి ఒక తొడుగు తొడిగింది. జావాలో ఒక కిటికీ తెరుచుకునేటప్పుడు లోపలున్న ప్రతి పెట్టెనూ, చోటు పంచే కోడ్ అనే పెద్దమనిషి ఒకడు అడుగుతాడు. నీకెంత చోటు కావాలి? మరీ తప్పకపోతే ఎంతలో సర్దుకుంటావు? పెట్టెలు చెప్పిన జవాబులు విని, ఉన్న చోటుని పంచుతాడు. రత్నం ఆ పెద్దమనిషిని మార్చేసింది. ఆమె తెచ్చిన కొత్తవాడు పెట్టెల్ని అడగడు, చూసేవాళ్ళ కళ్ళనే అడుగుతాడు. తెర నెత్తిన శనగగింజంత కెమెరా కటకం ఉంటుంది. సిస్టర్ కనుపాప ఎటు తిరిగింది, ఎంతసేపు నిలిచింది, నిలిచినప్పుడు ఎంత విచ్చుకుంది అన్నది పట్టుకుని, ఆమె మనసు దేనికోసం ఆత్రపడుతోందో ఆమెకంటే ముందే తెలుసుకుంటుంది. మనసు ఎటు పోతే చోటు అటు పోతుంది. చూపు తగలని పెట్టె తనంతట తనే తగ్గుతుంది.

ఒక్క చిక్కొచ్చింది. మరీ తప్పకపోతే ఎంతలో సర్దుకుంటావన్న ప్రశ్నకి పాత పెట్టెలన్నీ పెద్ద పెద్ద జవాబులు చెప్పేవి. ఆ జవాబులు విన్నంతకాలం ఎవరూ తగ్గరు, ఎవరూ తగ్గకపోతే ఎవరూ పెరగలేరు. అంచేత ఆమె అందరి జవాబునీ సున్నా చేసేసింది. ఆ రోజు బరువు దింపుకున్నట్టు తేలిగ్గా అనిపించింది.

దానికి 'ఒద్దిక' అని పేరు పెట్టింది ప్రయోగశాల నడిపే కాశీపతి. మూతబడిన సినిమాహాలు మేడ మీద రెండు గదులు తీసుకుని, పాత ప్రోగ్రాంలకి కొత్త ప్రాణం పోసే పని పెట్టుకున్న మనిషి. ఒద్దిక పెట్టిన కొత్తలోనే ఒక ముసలామె బీపీ పడిపోతుంటే, దమయంతి అటు ఒక్కసారి అనుమానంగా చూసినందుకే, ఆ పెట్టె తెరంతా పరుచుకుంది. ముసలామె బతికింది. ఆ సాయంత్రం కాశీపతి మిఠాయి పొట్లం పట్టుకుని రత్నం ఇంటికొచ్చాడు.

"ఇన్నాళ్ళూ సిస్టర్ తెర వెనకాల తిరిగింది రత్నం గారూ. ఇక తెరే సిస్టర్ వెనకాల తిరుగుతుంది," అన్నాడు.

మిఠాయి వైకుంఠరావు తినకూడదు. పొట్లం అందుకుని, రెండు చేతులతో రత్నానికిచ్చి, గోడవారకి జరిగి కాశీపతికి మంచం మీద చోటిచ్చాడు.

అతను కండక్టరుగా చేసి మానేసిన మనిషి. బస్సంతా జరగండి జరగండి అని అరుస్తూ బతికాడు గానీ, తన వంతు వచ్చేసరికి అడగకుండానే జరిగేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క పంకా గాలి రత్నం వైపు తిప్పి, తను ఉక్కలో గోడ పక్కన పడుకునేవాడు. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు గీత గీస్తే, ఆ గీతకి ఇవతలే ఆగేవాడు. ఎలా ఉందని ఎవరడిగినా బానే ఉందనేవాడు. మొదట్లో రత్నం ఆ మాట నమ్మేది కాదు. మొహం చూసి, కాళ్ళు నొక్కి చూసి, కసురుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయేది. ఎప్పటినుంచి నమ్మడం మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు.

ఒకరోజు కేంద్రంలో బరువు చూసే బల్ల దగ్గర దమయంతి కేక పెట్టింది. "రత్నమప్పా! మావ కాళ్ళు సూసినావేటి? కుండల్లాగున్నాయి. ఇంటికాడ సూడనేదా నువ్వు?"

రత్నం చూసింది. చెప్పు పట్టీ పాదంలోకి దిగిపోయింది. ముందురోజు తనే అతని కాళ్ళ పక్కన కంచం పెట్టింది. పొద్దున్న ఆ చెప్పులు తొడిగింది కూడా తనే. చేతులు తొడిగాయి, మరి కళ్ళెక్కడికి పోయాయి?

"ఒట్టిదే, కాసింత నీరు," అన్నాడు వైకుంఠరావు. "దాని పని దానికుంది సిస్టరూ. దాన్ని అదరగొట్టీకు."

ఆ తర్వాత రత్నం తనని తను గమనించుకోవడం మొదలుపెట్టింది. వంటింట్లో అరమీద ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనిపించక వెతుకుతోంది. పక్కన పెద్ద డబ్బాలన్నీ కనిపిస్తున్నాయి. వీధిలో గట్టిగా అరిచే కూరగాయలవాడు కనిపిస్తాడు, అతని వెనక బుట్టతో నించున్న పెళ్ళాం కనిపించదు. తెర ముందు ఆమె అందరికంటే ఎక్కువకాలం కూర్చుంది. ఒద్దికని తయారుచేస్తున్నప్పటి నుంచీ, దాని ప్రతి తప్పునీ దిద్దుతూ, రోజంతా. పెద్దగా ఉన్నదే ముఖ్యం, చిన్నగా ఉన్నదానికి ఏమీ కాలేదు అని ఆ తెర ఆమె కంటికి ఇన్నాళ్ళుగా చెబుతూనే ఉంది. ఒద్దిక కంటి దగ్గర నేర్చుకుంటోందనుకున్నారు అందరూ. కన్ను కూడా ఒద్దిక దగ్గర నేర్చుకుంటోందని ఎవరికీ తట్టలేదు.

కాశీపతితో చెప్పింది. "అడగని మనిషి నా కంటికి ఆనడం లేదు సార్. ఇంకొన్నాళ్ళకి సిస్టర్లకీ ఇలాగే అవుతుంది."

కాశీపతి కొట్టిపారేయలేదు. కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. "మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళైందండీ? ఇంట్లో డయాలసిస్ మనిషి, ఇక్కడ ఇది. ఎవరి కళ్ళైనా మొండికేస్తాయి. పెద్ద కంపెనీవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళు సరేనంటే ఊరూరా కేంద్రాలు వాళ్ళవి. అదయ్యాక నెల్లాళ్ళు సెలవు తీసుకోండి. ఈలోగా ఆ మోత సంగతి చూడండి, సిస్టర్లు గోల పెడుతున్నారు."

మోత సంగతి నిజమే. ఏ చిన్న తేడా వచ్చినా పాత ప్రోగ్రాం ఒకే గొంతుతో కూసేది. పొద్దుటినుంచి సాయంత్రందాకా అదే కూత. సిస్టర్లు వినీ వినీ దాన్ని నొక్కేసి పనిలో పడిపోయేవారు. రత్నానికి కూడా అదే సబబనిపించింది. చోటుకి నేర్పిన గుణమే చప్పుడుకీ నేర్పింది. పెద్ద పెట్టెకి పెద్ద గొంతు, చిన్న పెట్టెకి చిన్న గొంతు. ఆ వారం దమయంతి ఆమె చేతులు పట్టుకుంది. "అప్పా, ఇంటికెల్లినా సెవుల్లో కూసీది. ఇప్పుడు పిల్లల మాటలినపడతన్నాయి."

కంపెనీవాళ్ళు వచ్చే పొద్దున సిస్టర్ల బల్ల కింద నీళ్ళ గొట్టం పగిలింది.

ఆ బల్ల పక్కనే వైకుంఠరావు కుర్చీ ఉండేది. దమయంతి కూర్చున్నా, లేచినా, పక్క గదికి పోతున్నా, అతని మోకాలి మీద చెయ్యి వేసి "ఏటి మావా" అని మొహం చూసి పోయేది. మిగతా సిస్టర్లూ అంతే. పక్కనే మనిషి ఉంటే తెర మీద అంకె ఎవరు చూస్తారు? నెలల తరబడి అతన్ని అందరికంటే ఎక్కువగా చూశారు, కానీ తెరలో కాదు. కటకానికి అది తెలియదు. దానికి తెలిసిందల్లా ఆ ఒక్క పెట్టె మీద ఎవరి చూపూ పడటం లేదనే. అది అంతకంతకూ తగ్గి తగ్గి, తెర అడుగున గీతలా మిగిలింది. పక్కనున్న మనిషే కదాని ఎవరూ పట్టించుకోలేదు. రత్నం పట్టించుకోవలసింది.

బల్ల చుట్టూ నీళ్ళు చేరాయి. ఒక కుర్చీని, మిషన్ని వెనక గదిలోకి మార్చాలి.

"నేనెల్లను బాబూ," అన్నాడు జోగినాయుడు. "ఆడ ఫేను నేదు. పైగా కంపినీవోలు నన్ను సూడ్డానికే వస్తన్నారు."

"నా కుర్చీయే గదా తడిసింది. నన్నెయ్యండి," అన్నాడు వైకుంఠరావు. "నాకెక్కడైనా ఒకటే."

రత్నం అప్పుడు అక్కడే ఉంది. కుర్చీకి ఒక చెయ్యి వేసి తోసింది కూడా. వెనక గదిలో అతనికి సూదులు పెట్టి, మిషన్ తిప్పి, దమయంతి ముందు గదిలోకి వచ్చేసింది. పావుగంటకోసారి వెళ్ళి చూద్దామనే అనుకుంది. అప్పుడే కారు చప్పుడైంది. కాశీపతి గుమ్మం దగ్గరనుంచి, "సిస్టర్, మీరు తెర దగ్గరే ఉండండి, మీరు చూస్తేనే అది పెరిగేది," అన్నాడు.

వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. చెప్పులు బయట విడిచారు, రోగులకి నమస్కారం పెట్టారు. రత్నం తెర ముందు కూర్చుని చూపించింది. జోగినాయుడు చెప్పకుండానే మూలిగాడు. పెట్టెలు పొంగాయి, కుంగాయి. ఎక్కడా తొణకలేదు. వచ్చినవాళ్ళలో ఒకాయన, "పాత కంప్యూటర్లు మార్చక్కర్లేదా?" అని రెండుసార్లు అడిగాడు. అక్కర్లేదని కాశీపతి రెండుసార్లూ చెప్పాడు. ఇంకొకాయన తను చూస్తే పెరుగుతుందా అని తెర మీదికి వంగి చూశాడు. అతను చూసిన పెట్టే పెరిగింది. అందరూ ఆనందించారు.

ఆ సేపంతా తెర అడుగున గీత ఎర్రగా వెలుగుతూనే ఉంది. దాని గొంతు దోమ పాటంత. రత్నం కళ్ళు తెర మీదే ఉన్నాయి.

అతిథులకి ఇంకో కుర్చీ తేవడానికి దమయంతి వెనక గదిలోకి వెళ్ళింది.

"మావా!"

ఆ కేకకి జోగినాయుడు కూడా మూలుగు మానేశాడు. రత్నం పరిగెత్తేసరికి దమయంతి వైకుంఠరావు కాళ్ళు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో సెలైన్ తిప్పుతోంది. తల పక్కకి వాలిపోయింది. మూతి ఒకవైపుకి జారింది. చెమటకి చొక్కా తడిసి ఉంది, అంటే చాలాసేపైంది. ఎడమచెయ్యి కుర్చీ అంచుని పట్టుకుని ఉంది. ఆ వేళ్ళు విడదీయడానికి ఇద్దరు కావలసివచ్చింది.

అతను పోలేదు. పెద్దాసుపత్రిలో చాలారోజులున్నాక కళ్ళు తెరిచి మనుషుల్ని గుర్తుపట్టాడు. కుడివైపు సగం చచ్చుబడింది. మెదడుకి రక్తం అందలేదన్నారు. మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు.

ఆసుపత్రి వరండాలో దమయంతి గోడకి ఆనుకుని నేల మీద కూర్చునేది. డ్యూటీ దిగి రోజూ వచ్చేది. ఆమె మీద విచారణ వేశారు. ఆ సాయంత్రం కాశీపతి కూడా వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. రత్నాన్ని కిటికీ దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించాడు.

"రేపు మనల్ని కూడా అడుగుతారు. ఎర్రగా వెలిగిందా అంటే వెలిగింది. మోగిందా అంటే మోగింది. మన ప్రోగ్రాం చెయ్యాల్సింది చేసింది. తెర ముందున్న సిస్టర్ చూడలేదు. ఇందులో అబద్ధమేమీ లేదు."

"తెర ముందున్నది నేను సార్," అంది రత్నం.

"మీరు డ్యూటీలో లేరు కదా."

"చూస్తూ కూర్చున్నాను. నా కళ్ళెదుటే వెలిగింది."

కాశీపతి కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "రత్నం గారూ, ఒక్క లైను. ఏ పెట్టె కూడా ఇంతకంటే తగ్గకూడదని కనీస పరిమాణం పెట్టేస్తే అయిపోయేదానికి, మొత్తం పారేస్తారా? ఆ ముసలామెని ఏది బతికించింది? ఇది తీసేస్తే మళ్ళీ ఆ చీమలబారులే. వాటిలో ఎంతమంది పోతారో ఎవరు లెక్కపెడతారు?"

అతను చెప్పింది నిజం. ఆమె వరండా చివర, వైకుంఠరావు పడుకున్న గది గుమ్మం వైపు చూసింది.

"ఆ లైను రాయడానికి నాకు ఒక్క క్షణం చాలు సార్," అంది. "తెరకి రాస్తాను. నా కంటికి ఎవరు రాస్తారు? దమయంతి కంటికి ఎవరు రాస్తారు? ఇంతమంది కళ్ళు ఇలా అయ్యాక ఏ లైను రాసి బాగుచేస్తారు?"

"అది అలసటేమో అన్నాను కదండీ."

"నేనూ అలసటే అనుకున్నాను."

నేల మీద కూర్చున్న దమయంతికి అంతా వినిపిస్తూనే ఉంది. "అప్పా," అంది తలెత్తకుండా, "నా కోసం నీ పని పాడుసేసుకోకు. నేను ఎల్లి సూడాల్సింది. సూడనేదు. ఆ గీత నాకూ ఆననేదు."

"నీకెందుకు ఆనలేదో నాకు తెలుసు," అంది రత్నం. "అదే రేపు చెబుతాను."

చెప్పింది. విన్నవాళ్ళు సగం నమ్మారు, సగం నమ్మలేదు. కళ్ళు నేర్చుకోవడమేమిటన్నారు. కానీ రాసినావిడే తప్పు నాదంటుంటే, సిస్టర్ మీద వేయడానికి వాళ్ళకీ మనసొప్పలేదు. దమయంతి ఉద్యోగం నిలిచింది. కంపెనీవాళ్ళు మళ్ళీ రాలేదు. కాశీపతి మేడ మీద గదుల్లో ఒకటి ఖాళీ చేశాడు. అతను రత్నాన్ని పల్లెత్తు మాట అనలేదు గానీ, మళ్ళీ వాళ్ళింటికి రాలేదు కూడా. ఒద్దికని రత్నమే తీసేసింది. తీయడానికి పెద్ద సమయమేమీ పట్టలేదు. పాత పెద్దమనిషి ఏమీ ఎరగనట్టు తన చోట్లో కూర్చుని, ప్రతి పెట్టెనూ అడిగి, ఉన్న ఇరుకుని అందరికీ సమానంగా పంచాడు. చీమలబారులు తిరిగొచ్చాయి. కూతలూ తిరిగొచ్చాయి. సిస్టర్లు రోజంతా కుర్చీ కుర్చీకీ నడిచి, సాయంత్రానికి కాళ్ళు పట్టుకుని కూర్చునేవారు.

డయాలసిస్ మాత్రం ఆగడానికి వీల్లేదు. మనిషి నడవలేకపోయినా, మాట్లాడలేకపోయినా, వారానికి మూడుసార్లు రక్తం కడగవలసిందే. రత్నం అతన్ని ఆటోలో ఎక్కించి, దింపి, చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. జోగినాయుడు అతన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఆ దినం నేనెల్లుంటే అయిపోయీది," అన్నాడు గోడకేసి. "ఫేను నేదని ఎల్లనేదు."

దమయంతి సూదులు పెట్టింది. మిషన్ తిరిగింది. వైకుంఠరావు బాగున్న చేత్తో రత్నానికి సైగ చేశాడు, వెళ్ళు, పని చూసుకో అని. మాట ఈ మధ్యే ముద్దముద్దగా వస్తోంది, ఒక్కొక్క ముక్కకీ ఊపిరి తీసుకుంటూ.

రత్నం వెళ్ళలేదు. ముక్కాలిపీట తెర దగ్గరనుంచి తెచ్చి అతని కుర్చీ పక్కన వేసుకుంది. అవతల ఎవరి కోసమో తెర కూసింది. ఆమె కళ్ళు అటు పోయాయి. వెనక్కి తెచ్చుకుంది. వీధిలో ఎవరో అరిచారు. మళ్ళీ పోయాయి. మళ్ళీ తెచ్చుకుంది. మేకని తోలుకొచ్చినట్టు ప్రతిసారీ తోలుకురావలసివస్తోంది. డాక్టర్ని అడిగితే మెల్లగా తగ్గుతుందేమో అన్నాడు. తగ్గకపోవచ్చు కూడా అన్నాడు.

"బావా, ఎలాగుంది?"

"బా... నే ఉంది."

"బానే ఉందని సెప్పకు," అంది రత్నం. ఇన్నేళ్ళ చదువూ ఉద్యోగమూ ఆ మాటలోంచి జారిపోయి, చిన్నప్పటి గొంతు వచ్చింది. "నువ్వలా సెప్తే నాకు కనపడవు. నా కళ్ళు పాడైపోయాయి బావా. నువ్వు పెద్దగా సెప్పాల. నన్ను బతిమాలినట్టు కాదు, నాకు సాయం సేసినట్టు సెప్పాల."

అతను ఆమె వంక చూశాడు. అలవాటు లేని మనిషి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు పెదవులు కదిపాడు.

"సూది... నొప్పి."

దమయంతి వచ్చి సూది సర్దింది. "ఇంకా?" అంది రత్నం.

"నీళ్ళు. సల్లటివి. గ్లాసుడు."

"ఇయ్యలేను బావా."

"తెలుసు. అడిగినాను, అంతే."

"ఇంకా?"

"రేతిరి గోడకాడ... ఉక్క. నేనిటేపు... పడుకుంటాను."

"పడుకో. ఫేను నీ వైపు తిప్పుతాను."

"పప్పులో... ఉప్పు నేదు."

"ఉప్పు తినకూడదు నువ్వు."

"తెలుసు. బాగునేదు. ఏ దినమూ... బాగునేదు."

"ఓలమ్మో!" అన్నాడు జోగినాయుడు, అంతసేపూ గోడకేసి చూస్తున్నవాడు ఇటు తిరిగి. "వైకుంఠం మావకి నోరుందేటి!"

"నువ్వు నోరు... ముయ్యి," అన్నాడు వైకుంఠరావు. బాగున్నవైపు పెదవి కాస్త లేచింది. దమయంతి నవ్వాపుకోలేక తెర వైపు తిరిగిపోయింది.

రత్నం నవ్వుతూనే అతని చెయ్యి పట్టుకుంది. అతని నవ్వు అప్పటికే పోయింది. ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకి కొత్త. పెళ్ళైన ఇన్నేళ్ళలో అతను ఆమె దగ్గర జవాబు కోసం ఎప్పుడూ అలా కాచుకోలేదు.

"ఆ దినం... నిన్ను పిలిసినాను," అన్నాడు. "ఇనపడనేదా?"

చుట్టూ మిషన్లు తిరుగుతున్నాయి. ఆమె కళ్ళు పక్కకి పోదామని చూశాయి. పోనివ్వలేదు.

"ఇనపడనేదు బావా."

అతను మెల్లగా తల ఊపాడు. తర్వాత, మాట తిన్నగా రావాలని ఊపిరంతా కూడదీసుకుని అన్నాడు.

"ఈపాలి... గట్టిగా పిలుత్తాను."

రత్నం పీట ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. మోకాలికి మోకాలు తగిలింది. అతను జరగలేదు.

"ఇంకా?" అంది.

ఇంకా చాలా ఉంది. అతను మళ్ళీ మొదలుపెట్టాడు.